ఫ్యాను ఆగిన ఏడు సెకన్లు: ఒక సైన్స్ ఫిక్షన్ రేడియో నాటకానికి శబ్దాలూ గొంతులూ కుదిరిన తీరు

ఈ కేస్ స్టడీ 28 నిమిషాల రేడియో నాటకం ఒకదాని గురించి. దానికి సౌండ్ ఎఫెక్ట్స్ తయారుచేయడం, గొంతుల రికార్డింగు చూసుకోవడం, వాటన్నిటినీ కలిపే చివరి మిక్సింగ్ పూర్తిచేయడం నా పని. కథ అంగారకుడి మీద, సగం నేలలో పూడ్చిన ఒక స్థావరంలో నడుస్తుంది. పాత్రలు నాలుగు: స్థావరానికి అధిపతి అయిన పెద్దావిడ, ఆమె కింద పనిచేసే యువ ఇంజనీరు, అతని ఈడువాడే అయిన డాక్టరు, స్థావరాన్ని నడిపే కంప్యూటర్. ఐదోది పాత్రో కాదో చివరిదాకా తేలదు. అది నేల కింద నుంచి వచ్చే ఒక చప్పుడు. ధూళి తుఫానులో యాంటెన్నా బాగుచేయడానికి ఇంజనీరు బయటికి వెళ్తాడు. అతడు బయట ఉండగానే లోపల గాలిని తిప్పే యంత్రం ఆగిపోతుంది. అదే సమయంలో నేల కింది చప్పుడు తలుపు దగ్గరికి వస్తుంది. కథ ఇంతే.

ఈ పనిలో తెలిసివచ్చినదాన్ని ముందే చెప్పేస్తాను, ఎందుకంటే తరువాతి వివరాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మామూలు రేడియో నాటకంలో కిర్రుమన్నది తలుపని, మొరిగింది కుక్కని శ్రోతకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సైన్స్ ఫిక్షన్ నాటకంలో మనం వినిపించే వాటిలో చాలా భాగం ఎవరూ ఎన్నడూ వినని వస్తువుల చప్పుళ్లు. అలాంటి చప్పుడు ఎంత అద్భుతంగా తయారుచేసినా దానంతట అది ఏ అర్థాన్నీ ఇవ్వదు. దాన్ని విన్న పాత్ర గొంతులో వచ్చిన మార్పును బట్టే శ్రోత దానికి అర్థం కట్టుకుంటాడు. కాబట్టి ఎఫెక్ట్స్ ఒకరు, సంభాషణలు ఒకరు విడివిడిగా చేసి చివర కలుపుదామనుకుంటే ఈ రకం నాటకం నిలవదు. మేము మొదట సరిగ్గా అలాగే చేశాము.

మొదటి మిక్స్

నాటకంతో ఏ సంబంధమూ లేని తొమ్మిది మందిని పిలిచి, దీపాలు ఆర్పిన గదిలో మొదటి మిక్స్‌ను మధ్యలో ఆపకుండా వినిపించాను. అయిపోయాక దీపాలు వేసి, ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, ఇది ఎక్కడ జరిగింది, ఎవరు ఎవరితో మాట్లాడారు, చివరికి ఏమైంది అన్న మూడు సంగతులు రాయమన్నాను. నచ్చిందా లేదా అని అడగలేదు. అలా అడిగితే మర్యాద కొద్దీ నచ్చిందనే అంటారు, ఆ జవాబుతో మిక్సింగ్ టేబుల్ దగ్గర చేయగలిగింది ఏమీ ఉండదు.

నాటకం మొదలు 40 సెకన్ల పాటు నేను ఎంతో ఇష్టంగా పేర్చిన ఎలక్ట్రానిక్ శబ్దాలు ఉండేవి: సన్నని బీప్‌లు, లోతైన గుంజారవం, అప్పుడప్పుడు ఆవిరి వదిలినట్టు ఒక బుస. అది అంగారక స్థావరమని నాకు స్పష్టంగా వినబడేది. కాగితాల మీద మాత్రం ఆసుపత్రి, ఫ్యాక్టరీ, జలాంతర్గామి అన్న మాటలు కనబడ్డాయి. ఒకరు ‘ఫ్రిజ్ లోపల’ అని రాశారు. అది హాస్యమో నిజమో నేను అడగలేదు. తప్పు వాళ్లది కాదు. బీప్ అన్న చప్పుడుకు మన చెవుల్లో ఇప్పటికే చిరునామా ఉంది, అది ఆసుపత్రి. కొత్త చిరునామా మనం ఇవ్వకపోతే చెవి పాత చిరునామాకే వెళ్తుంది.

రచయిత ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, వివరణను సంభాషణలో పెట్టారు. ‘అదిగో, ఎర్రటి ధూళి తుఫాను మన అంగారక స్థావరం వైపు దూసుకొస్తోంది!’ అన్నది డాక్టరు మొదటి మాట. ఒకే కిటికీ దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషులు ఒకరికొకరు అలా చెప్పుకోరు. పైగా ఆ మాట అంటున్న నటుడి గొంతు శ్రోతకు సమాచారం అందించే పనిలో పడి, భయపడటం మర్చిపోతుంది.

1938 అక్టోబర్ 30న అమెరికాలో సీబీఎస్ రేడియో మీద ఆర్సన్ వెల్స్ బృందం ప్రసారం చేసిన, అంగారకులు భూమి మీద దాడిచేయడాన్ని వార్తల రూపంలో చెప్పే ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నాటకాన్ని అప్పుడు మళ్లీ తీసి విన్నాను. అందులో గ్రహాంతర వాహనం మూత తెరుచుకునే శబ్దానికి సీసా మూతను మరుగుదొడ్డిలో, ఆ చిన్న గది ప్రతిధ్వని కలిసేలా తిప్పారన్నది ఈ వృత్తిలో అందరూ చెప్పుకునే సంగతి. నాకు అంతకన్నా విలువైన పాఠం వేరే చోట దొరికింది. సంఘటన స్థలం నుంచి మాట్లాడే విలేఖరి పాత్రధారి ఫ్రాంక్ రీడిక్, అంతకు ముందు ఏడాది మే 6న హిండెన్‌బర్గ్ వాయునౌక కాలిపోతున్నప్పుడు రేడియో విలేఖరి హెర్బర్ట్ మారిసన్ రికార్డు చేసిన వ్యాఖ్యానాన్ని పదే పదే విని తన పాత్రకు సిద్ధమయ్యారు. ఉద్యోగధర్మంగా నిదానంగా మొదలైన గొంతు కళ్లెదుట జరుగుతున్నదాన్ని తట్టుకోలేక చీలిపోవడం ఆ రికార్డులో ఉంది. శ్రోతను నమ్మించింది సీసా మూత కాదు, ఆ చీలిక.

మా ప్రారంభాన్ని తిరగేశాము. ఇప్పుడు నాటకం మాటతో మొదలవుతుంది. డాక్టరు విసుగ్గా, ‘మళ్లీ ఇసుక పడుతోంది. ఈ రాత్రి నిద్ర లేనట్టే’ అంటాడు. ఆ తరువాతే పైన రేకు మీద సన్నని ఇసుక రాలుతున్న చప్పుడు మెల్లగా పైకి వస్తుంది. ‘పడనీ. ఫ్యాను తిరుగుతున్నంతసేపు నాకేం బెంగ లేదు’ అని ఇంజనీరు జవాబిస్తాడు. అప్పటిదాకా అడుగున ఉన్న ఫ్యాను మోతను ఆ మాట వెనక కొద్దిగా పెంచాను. 40 సెకన్ల ఎఫెక్ట్స్ చేయలేని పని ఈ రెండు మాటలు 9 సెకన్లలో చేశాయి. ముఖ్యంగా, అవి శ్రోతకు రెండు శబ్దాలను పేరుపెట్టి పరిచయం చేశాయి. ఇక మీదట ఆ శబ్దాలు మాట సాయం లేకుండా ఒంటరిగా వచ్చినా శ్రోత గుర్తుపడతాడు. అంగారకుడి పేరు మూడో నిమిషంలో, భూమి నుంచి వచ్చిన సందేశంలో మాత్రమే వినబడుతుంది, అప్పటికి దాని అవసరం పెద్దగా ఉండదు.

బయట నడక

బయటి దృశ్యానికి నిజమైన ఆధారాలు ఉన్నాయి కాబట్టి వాటిని వాడుకోవాలనుకున్నాను. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైకులను కూడా తీసుకెళ్లింది. అవి గాలి చప్పుడును, రోవర్ చక్రాల కింద రాళ్ల నలుగుడును, ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ రెక్కలు 84 హెర్ట్జ్ (సెకనుకు 84 కంపనాలు) దగ్గర చేసిన మోతను పట్టుకున్నాయి. అక్కడి వాతావరణ పీడనం మన దానిలో నూరో వంతు కూడా ఉండదు, అందువల్ల ప్రతి చప్పుడూ బాగా తగ్గిపోయి వినిపిస్తుంది. ఉన్న గాలిలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్, అది హెచ్చు స్థాయి స్వరాలను తొందరగా మింగేస్తుంది. ఇంకో విచిత్రం ఉంది. మన దగ్గర శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తే, అక్కడ బొంగురు స్వరాలు దాదాపు 240 మీటర్లు, కీచు స్వరాలు దాదాపు 250 మీటర్లు వెళ్తాయి. ఈ తేడాను ఎక్కడో ఒకచోట వినిపించాలని రెండు రోజులు కష్టపడ్డాను. వినేవాళ్లకు అది రికార్డింగు లోపంలా తోచింది. వదిలేశాను. నిజమైన ప్రతి సంగతీ నాటకానికి పనికిరాదు.

పనికొచ్చిన నిజం ఒకటుంది. అంత పలుచని గాలిలో, మందపాటి హెల్మెట్ లోపల ఉన్న మనిషికి తన అడుగుల చప్పుడు గాలి ద్వారా దాదాపు రాదు. బూటు నుంచి కాలి ఎముకల గుండా వస్తుంది. అందుకని మామూలు మైకు పక్కన పెట్టి, బూటు మడమకు కాంటాక్ట్ మైకు (అంటించిన వస్తువు కంపనాన్నే పట్టే మైకు) అంటించి నడక రికార్డు చేశాము. వచ్చిన చప్పుడులో గులకరాళ్ల కరకర లేదు, బరువైన దెబ్బ మాత్రమే ఉంది. శాస్త్రం ప్రకారం అది సరైనదే. మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది దాన్ని ఎవరో తలుపు బాదుతున్నారని రాశారు.

అప్పుడు మళ్లీ పరిచయం సూత్రానికే వచ్చాము. ఇంజనీరు బూట్లు స్థావరం లోపలి నడవలో మామూలు మైకుతో, ఇనుప నేల మీద, శ్రోత అనుమానించే అవకాశం లేకుండా వినిపిస్తాయి. అతడు గాలి గదిలోకి అడుగుపెడతాడు. వెనక తలుపు మూసుకుంటుంది, పంపు గాలిని తోడేయడం మొదలవుతుంది. ఈ 22 సెకన్లలో ఎక్కడా కట్ లేదు. పంపు బుసలోంచి కీచు స్వరాలు మొదట పోతాయి, తరువాత బుస మొత్తం పలుచబడుతుంది, అతడు అసహనంగా అటూ ఇటూ వేసే అడుగులు కరకర పోగొట్టుకుని క్రమంగా దెబ్బలుగా మారతాయి, వాటి స్థానంలో అతని ఊపిరి పెరుగుతుంది. బయటి తలుపు తెరుచుకునే సమయానికి మిగిలేది ఊపిరి, దెబ్బ, ఊపిరి, దెబ్బ. అదే నడక అని రెండోసారి విన్న ఎవరికీ సందేహం రాలేదు.

ఊపిరిని విడిగా తయారుచేసి అతికించలేదు. నటుడి ముక్కుకు నాలుగు వేళ్ల దూరంలో ఒక గిన్నె బోర్లించినట్టు పట్టుకుని, దాని లోపల చిన్న మైకు పెట్టి, దృశ్యం మొత్తం అతడిని నిలబడి, మోకాళ్లు ఎత్తి నడుస్తూ చెప్పమన్నాము. కూర్చుని చెప్పిన నటుడికి ఆయాసం అభినయం అవుతుంది, నడిచిన నటుడికి అది దానంతట అదే మాటల మధ్య తప్పు చోట్లలో వచ్చి పడుతుంది. ఆ తప్పు చోట్లే నాకు కావాలి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాము: ఒక దృశ్యంలో శ్రోత చెవి ఒకే పాత్ర దగ్గర ఉంటుంది. హెల్మెట్ లోపల ఉన్నప్పుడు అధిపతి గొంతు వైర్‌లెస్‌లో సన్నబడి వస్తుంది. కంట్రోలు గదిలో ఉన్నప్పుడు ఆమె గొంతు నిండుగా ఉండి, ఇంజనీరు సన్నబడతాడు. మొదటి మిక్స్‌లో ఇద్దరి గొంతులకూ వాటిని సన్నబరిచే వైర్‌లెస్ ఫిల్టర్ వేశాను. దాంతో శ్రోత ఎక్కడా లేకుండా పోయాడు, రెండు ఫోన్‌ల మధ్య తీగలో వేలాడాడు.

ఫ్యాను

అంతరిక్ష కేంద్రాల్లో నిశ్శబ్దం ఉండదు. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో బరువు తెలియని స్థితి కాబట్టి వేడిగాలి పైకి లేవదు. ఫ్యాన్లు గాలిని కదపకపోతే నిద్రపోయే మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ అతని ముఖం చుట్టూనే పేరుకుంటుంది. అంగారకుడికి కొంత గురుత్వాకర్షణ ఉంది, కనుక ఆ కారణం యథాతథంగా అక్కడ వర్తించదు, కానీ మూసిన స్థావరంలో గాలిని శుద్ధిచేసే యంత్రం ఆగకూడదన్నది అక్కడా నిజమే. ఆ నిజం మీదే నాటకం నిలబడింది.

కథలో ఫ్యాను 19వ నిమిషంలో ఆగుతుంది. మొదటి మిక్స్‌లో ఆ క్షణాన పెద్ద చప్పుడు పెట్టాను: మోటారు ముక్కడం, లోహం ఒరుసుకోవడం, చివర ఒక దడేలు. యంత్రం చెడిందని అందరూ రాశారు, ఎవరూ భయపడలేదు. రెండో మిక్స్‌లో ఆ చప్పుళ్లన్నీ తీసేశాను. మొదటి మాట నుంచి 19వ నిమిషం దాకా లోపలి దృశ్యాలన్నిటి కింద ఫ్యాను మోత నడుస్తుంది. చెవి దానికి రెండు నిమిషాల్లో అలవాటుపడి వినడం మానేస్తుంది. అలా పూర్తిగా మర్చిపోకుండా, వేరే గదిలోకి వెళ్లినప్పుడల్లా మోతను కొద్దిగా మార్చాను. డాక్టరు గదిలో అది గోడ అవతల ఉంటుంది, కంట్రోలు గదిలో నెత్తిమీద ఉంటుంది. 19వ నిమిషంలో అధిపతి ఒక మాట మధ్యలో ఉండగా మోత తగ్గుతూ ఆగిపోతుంది. ఆమె ఇంకో రెండు పదాలు పలికి, తన గొంతు తనకే పెద్దగా వినబడినట్టు ఆగుతుంది. ఆ తరువాత ఏడు సెకన్లు ఎవరూ మాట్లాడరు.

ఆ ఏడు సెకన్లలో దీపాలు ఆర్పిన గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు నాకు వినబడింది. నాటకం మొత్తంలో అన్నిటికన్నా బలమైన ఎఫెక్ట్ అదే. కానీ ఆ బలం ఫ్యానులో లేదు. ఆ రెండు పదాలు లేకుండా, మాట పూర్తయ్యాక మోత ఆగేలా ఒక ప్రతి తయారుచేసి చూశాను. అది దృశ్యం మారినట్టు మాత్రమే వినిపించింది. గొంతు తడబడింది కాబట్టే నిశ్శబ్దానికి అర్థం వచ్చింది.

ఇందులో సాంకేతికమైన చిక్కు కూడా ఉంది. ప్రసార కేంద్రాల్లో నిశ్శబ్దాన్ని పసిగట్టే పరికరాలు ఉంటాయి; సిగ్నల్ కొంతసేపు పూర్తిగా ఆగితే హెచ్చరిక మోగుతుంది, కొన్నిచోట్ల సిద్ధంగా ఉంచిన మరో కార్యక్రమం దానంతట అదే మొదలవుతుంది. పైగా ప్రసారంలో శబ్దాన్ని ఒకే మట్టంలో ఉంచే యంత్రాలు తక్కువ శబ్దాన్ని ఎత్తి చూపిస్తాయి, మనం సున్నాకు దించామనుకున్న చోట రికార్డింగు గదిలోని బుసను పైకి లాగి నురగలా వినిపిస్తాయి. కనుక ఆ ఏడు సెకన్లు ఖాళీ కాదు. వాటిలో పాత్రల ఊపిరి, ఒక బట్ట కదలిక, రేకు మీద ఇసుక ఉన్నాయి. యంత్రం ఎత్తి చూపించినా చూపించేది వాటినే.

కంప్యూటర్ గొంతు

యంత్రం గొంతు అనగానే అందరికీ రింగ్ మాడ్యులేటర్ గుర్తుకొస్తుంది. కార్యక్రమాలకు కొత్త శబ్దాలు తయారుచేయడానికి 1958లో బీబీసీ ఏర్పాటుచేసిన రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో బ్రయన్ హాడ్జ్‌సన్ 1963లో ‘డాక్టర్ హూ’ టెలివిజన్ ధారావాహికలోని డాలెక్‌లనే యంత్రకవచపు జీవుల గొంతును ఆ పద్ధతిలోనే తయారుచేశారు. గొంతును ఒక స్థిరమైన స్వరంతో గుణిస్తే అసలు స్వరాలు పోయి, రెండింటి మొత్తాలూ తేడాలూ మిగులుతాయి, మాట లోహపు వణుకుతో వస్తుంది. డాలెక్‌లకు అది అంతగా కుదరడానికి కారణం వాటి మాటలు కురచగా, ఒక్కొక్క అక్షరం తెంచినట్టు ఉండటం. మా కంప్యూటర్ మాత్రం పీడనం, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ నిల్వ గురించి పొడవాటి వాక్యాలు చెబుతుంది. రింగ్ మాడ్యులేటర్‌లో అవి మూడో వాక్యానికే చెవిని అలసటకు గురిచేశాయి. అంతకన్నా పెద్ద లోపం, ఆ గొంతు వినగానే ‘ఇది చెడ్డది’ అని శ్రోత తేల్చేసుకోవడం. మా కథలో అది చెడ్డదా కాదా అన్నదే ప్రశ్న.

చివరికి ఏ పరికరమూ వాడలేదు. నటిని మైకుకు బాగా దగ్గరగా కూర్చోబెట్టి, మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పించాము. తరువాత ఆమె ఊపిరులన్నీ కత్తిరించి, వాటి కాలాన్ని మాత్రం అలాగే ఉంచాను. ఖాళీని మూసేస్తే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మిగతా పాత్రలందరికీ గది ప్రతిధ్వని ఉంది, ఆమెకు లేదు. దాంతో అందరూ గదిలో ఉన్నట్టు, ఆమె ఒక్కతే శ్రోత చెవిలో ఉన్నట్టు వచ్చింది. ‘ఆ ఆడమనిషి ఎవరో గానీ ఊపిరి తీసుకోదు’ అని ఒకరు రాశారు. నేను కత్తిరించిన సంగతి వారికి తెలియదు.

తెలుగు ఇక్కడ రెండు విధాల సాయపడింది. మొదటిది, మన ప్రశ్నకు స్వరం లేపనక్కర్లేదు. మాట చివరి దీర్ఘమే ప్రశ్నను పట్టి ఇస్తుంది. ‘తలుపు తెరవాలా’ అన్నదాన్ని ఎత్తుపల్లాలు లేకుండా, ఉష్ణోగ్రత చదివినట్టు చదివినా అది ప్రశ్నే. అందువల్ల నటి నాటకం పొడవునా ఒకే మట్టంలో మాట్లాడగలిగింది, అర్థం ఎక్కడా పోలేదు. రెండోది మీరు, నువ్వు. కంప్యూటర్ అందరినీ మొదటి నుంచీ మన్నిస్తూ ‘మీరు’ అనే అంటుంది. ఫ్యాను ఆగాక అధిపతి తలుపు మీట మీద చేయి వేస్తుంది. ‘తలుపు తెరవకండి’ అంటుంది కంప్యూటర్. ఆమె వినదు. అదే మట్టంలో, అదే వేగంతో, ఏ ఎఫెక్టూ లేకుండా మళ్లీ వినబడుతుంది: ‘తలుపు తెరవకు.’ ఈ మార్పు రచయిత రాసిన నాటక ప్రతిలో లేదు. రిహార్సల్‌లో నటి పొరపాటున అలా చదివింది, గదిలో ఉన్న అందరమూ ఒక్కసారి తలెత్తాము. ఎన్ని యంత్రాలు పెట్టినా ఆ చలి రాదు.

ఒక్క అక్షరం

ఈ పనిలో జరిగిన అసలు పొరపాటు నాదే. ఇంజనీరు తిరిగి తలుపు దగ్గరికి వచ్చినప్పుడు అధిపతి వైర్‌లెస్‌లో ‘లోపలికి రావద్దు’ అంటుంది. అతడు ఆగిపోతాడు. మొదటి మిక్స్ విన్నవాళ్లలో నలుగురు, అధిపతి లోపలికి రమ్మన్నా ఇంజనీరు ఎందుకో మొండికేసి బయటే ఉండిపోయాడని రాశారు. వాళ్లకు వినబడింది ‘లోపలికి రావచ్చు’.

కారణం వెతికితే అన్నీ నేను చేసినవే. టెలిఫోన్ గొంతుకు సంప్రదాయంగా 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉంచుతారు. నేను పాత పరికరం అనిపించాలని పైన 2200 దగ్గరే కోసేశాను. ‘చ్చ’లోని రాపిడి ఎక్కువగా అంతకు పైనే ఉంటుంది, కాబట్టి ఆ కోతతో ‘చ్చ’కూ ‘ద్ద’కూ ఉన్న తేడా చాలావరకు పోయింది. అది చాలదన్నట్టు, తుఫాను అంతరాయం అని చెప్పి వాక్యం చివర ఒక గరగర పెట్టాను. ఆ గరగరకు ఫిల్టర్ లేదు. ‘ద్దు’ మీద పడ్డ ఆ రాపిడిని చెవి తనకు తెలిసిన అక్షరంగా మార్చుకుని ‘చ్చు’ అని చదువుకుంది. ఎఫెక్ట్ పాత్ర చేత అబద్ధం ఆడించింది.

ఇది ఒక్క మాటతో పోయే సమస్య కాదని తరువాత అర్థమైంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. జరిగిందా, జరగలేదా, ఎవరు చేశారు, చేయమన్నారా వద్దన్నారా అన్నవన్నీ ఆ క్రియ తోకలోనే ఉంటాయి. నటుల గొంతు సహజంగా దిగిపోయే చోటు అదే. మాట అయిపోతోంది కదా అని ఎఫెక్ట్స్ మనిషి తలుపునో పేలుడునో ముందుకు జరిపే చోటూ అదే. ఇలా నటులూ నేనూ కలిసి వాక్యంలోని అతి ముఖ్యమైన అక్షరాల మీద మట్టి పోస్తున్నాము. ఫిల్టర్‌ను 3400 దాకా తెరిచి, అంతరాయాలన్నిటినీ వాక్యాల ముందుకూ కర్తకూ క్రియకూ మధ్య ఉన్న ఖాళీల్లోకీ మార్చాను. రచయిత ఆ మాటను తిరగరాశారు. ఇప్పుడు అధిపతి, ‘వద్దు! అక్కడే ఆగు’ అంటుంది. నిజానికి ప్రాణభయంలో ఉన్న మనిషి మొదట అనే మాట ‘వద్దు’. ఆమె ‘లోపలికి’ అని తీరిగ్గా మొదలుపెట్టడమే అసలు అసహజం.

భూమితో మాట్లాడే దృశ్యం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి సందేశం ఒకవైపు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, సంభాషణ అసాధ్యం. మొదటి ప్రతిలో ఉన్న ప్రశ్న-జవాబుల వరసను తీసేసి, భూమి మాటను ఒక ఉత్తరంలా చేశాము. ఆ నటుడిని మిగతావారు లేని రోజున పిలిచి, వాళ్ల మాటలు వినిపించకుండా రికార్డు చేశాము. సందేశానికి అటూ ఇటూ పావు సెకను బీప్‌లు ఉన్నాయి. అపోలో యాత్రల సంభాషణల్లో వినబడే ఆ బీప్‌లు అలంకారం కాదు. భూమ్మీద ఎక్కడో ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేయడానికి 2525, ఆఫ్ చేయడానికి 2475 హెర్ట్జ్ స్వరం పంపేవారు. మాకు మాత్రం అవి అలంకారమే, ఒప్పుకుంటాను.

నేల కింద

ప్రతిలో నేల కింది చప్పుడు గురించి ‘భయంకరమైన గర్జన’ అని మాత్రమే ఉంది. దానికి నేను మొదట పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మీద లోహపు గరిటె నొక్కితే వచ్చే కీచును, పొడవాటి స్ప్రింగుకు కాంటాక్ట్ మైకు అంటించి కొట్టిన మోతను వేగం తగ్గించి కలిపాను. విడిగా వింటే ఒళ్లు జలదరించేది. నాటకంలో అది ఒక జంతువు అయిపోయింది. జంతువు అనగానే శ్రోత దాని పరిమాణం, పళ్లు ఊహించుకుని నిశ్చింతగా కూర్చుంటాడు.

డాక్టరు పాత్రధారికి విరామంలో ఒక కూనిరాగం తీసే అలవాటు ఉంది. మైకు తెరిచి ఉన్నప్పుడు అది రికార్డయింది. ఏదో తోచి దాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గించాను, అంటే రెండు స్థాయిలు కిందికి. మనిషి గొంతని తెలియదు, కానీ లోపల ఒక వరస ఉంది. దాన్ని రచయితకు వినిపించి, నేల కింద ఉన్నది గర్జించకుండా, స్థావరం నేల గుండా తాను విన్నదాన్ని తిరిగి చెబుతుంటే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ఆ రాత్రే చివరి ఎనిమిది నిమిషాలు తిరగరాశారు. ఆరో నిమిషంలో డాక్టరు పరికరాలు సర్దుకుంటూ కూనిరాగం తీస్తాడు, ఎవరూ పట్టించుకోరు. 24వ నిమిషంలో, ఫ్యాను లేని నిశ్శబ్దంలో, నేల కింద నుంచి అదే వరస వస్తుంది. కొత్త ప్రతిలో గుర్తుపట్టేది డాక్టరు ఒక్కడే. అతని గొంతు ఎండిపోయి, ‘అది నాది’ అంటాడు. ఆ రెండు పదాలు చెప్పేటప్పుడు నటుడిని మైకు నుంచి ఒక అడుగు వెనక్కి నిలబెట్టాను. దగ్గరగా చెప్తే అది శ్రోతకు చెప్పినట్టయింది, వెనక్కి జరిగితే తనలో తాను అనుకున్నట్టు వచ్చింది.

ఇక్కడా ఒక లెక్క తప్పింది. 200 హెర్ట్జ్ దగ్గరి రాగాన్ని నాలుగో వంతుకు దించితే 50 దగ్గరికి వస్తుంది. స్టూడియో స్పీకర్లలో నేల కదిలినట్టున్న ఆ స్వరం ఫోన్ స్పీకరులో అసలు లేనేలేదు, డాక్టరు శూన్యానికి భయపడుతున్నాడు. దాని మీది గుణిజాలను, అంటే దానికి ఇన్నింతలు అన్నట్టు పైన ఉండే స్వరాలను, 300 నుంచి 800 మధ్య కొంచెం గట్టిగా చేర్చాక పరిస్థితి మారింది. మూల స్వరం వినబడకపోయినా గుణిజాల వరసను బట్టి మన మెదడు దాన్ని ఊహించుకుంటుంది. పక్కన పడేసిన స్ప్రింగు మోత ఆ గుణిజాలకు పనికొచ్చింది. పొడి మంచు కీచు మాత్రం ఎక్కడా వాడలేదు.

రెండో మిక్స్‌ను మరో తొమ్మిది మందికి అదే పద్ధతిలో వినిపించాను. ఎక్కడ జరిగింది అన్నదానికి అందరూ అంగారకుడి పేరో, ‘భూమి కాని చోటు’ అనో రాశారు. ‘వద్దు’ను ఎవరూ తప్పుగా వినలేదు. నేల కింది వరసను ఆరో నిమిషంలోనే విన్నామని కచ్చితంగా చెప్పినవారు ఇద్దరే, ఇంకొందరు ‘ఎక్కడో విన్నట్టుంది’ అని రాసి వదిలేశారు. ఆరో నిమిషంలో రాగాన్ని ఇంకాస్త పెంచుదామని దర్శకుడు అడిగారు. నేను ఒప్పుకోలేదు, రెండు రోజులు వాదించుకుని శబ్దాన్ని ఒక డెసిబెల్, అంటే చెవికి అందీ అందనంత, పెంచాము. ఆ ఒక డెసిబెల్ కూడా అక్కర్లేదనే నా అభిప్రాయం ఇప్పటికీ.